వెళ్లేది బస్సులో, తిరిగొచ్చేది కాలినడకన

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే 900కె బస్సులో కుడివైపు కిటికీ సీటుకు ఉన్న గిరాకీ మరే సీటుకూ ఉండదు. ఋషికొండ దాటాక ఆ కిటికీలో సముద్రం తప్ప వేరే ఏమీ మిగలని మలుపులు కొన్ని వస్తాయి. కాలేజీ పిల్లలు, చేపల బుట్టలతో మత్స్యకార మహిళలు, డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే ఉద్యోగులు... ఎవరి పని మీద వాళ్లు. నడవడానికని ఈ బస్సెక్కే మనిషి మాత్రం అరుదు. ఈ తీరాన్ని చూడాలంటే కారుండాలి, లేదా రోజంతటికీ ఆటో మాట్లాడుకోవాలి అని మనకు మనమే తీర్మానించుకున్నాం. నడిచేవాడి లెక్కలో అది తలకిందుల తీర్మానం.

కారు నిలిపిన చోటుకే మళ్లీ రావాలి కదా. కాబట్టి కారులో వచ్చినవాడి నడక గుంజకు కట్టిన దూడ మేతలా ఉంటుంది. తాడు ఎంతో మేతా అంతే. బస్సులో వచ్చినవాడికి ఆ తాడు లేదు. ఒకచోట దిగి, కాళ్లు మొరాయించేదాకా నడిచి, ఇంకోచోట ఎక్కవచ్చు. తీరం ఎలాగూ పొడుగాటి గీతే, బస్సు దారీ దాని పక్కనే సాగుతుంది. అలవాటైన నడకరులు ఇంకో చిన్న జాగ్రత్త కూడా తీసుకుంటారు: ముందు బస్సులో చివరిదాకా వెళ్లిపోయి, ఊరి వైపు వెనక్కి నడుస్తారు. ఊరు దగ్గరపడే కొద్దీ బస్సులు పెరుగుతాయి కనుక చీకటి పడుతుందన్న బెంగ ఉండదు.

ఆ లెక్కన నడక భీమిలిలో మొదలుపెట్టాలి. గోస్తని సముద్రంలో కలిసేది ఇక్కడే. డచ్చి వర్తకులు సమాధులు మిగిల్చి వెళ్లింది ఇక్కడే. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో ఒక భాగం. దక్షిణంగా 4-5 కిలోమీటర్లు నడిస్తే ఎర్రమట్టి దిబ్బలు. మధ్యలో కొన్నిచోట్ల ఇసుక వదిలి రోడ్డెక్కక తప్పదు, అదేమీ నామోషీ కాదు. సముద్రం వెనక్కి తగ్గిన కాలాల్లో గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక, అందులోని ఇనుము తుప్పెక్కి ఎర్రబారి, వేల ఏళ్ల వానలకు కోసుకుపోయి లోయలైంది. పెద్దగెడ్డ, చిట్టిగెడ్డ అనే వాగులు ఈ దిబ్బల మీదుగానే సముద్రానికి దిగుతాయి. దేశంలో ఇలాంటివి మళ్లీ తమిళనాడులోనే చూడాలి. భూవైజ్ఞానిక సర్వే సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది. కారులో వచ్చినవాళ్లు చాలామంది రోడ్డు పక్కనే ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. లోపలికి పది నిమిషాలు నడిస్తే సముద్రపు హోరు మాయమై, మట్టిగోడల మధ్య మన అడుగుల చప్పుడే మనకు వినబడుతుంది. ఆ పది నిమిషాల తేడా కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నానేమో.

ఇంకా దక్షిణంగా మత్స్యకారుల ఊరు మంగమారిపేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో మరబోట్లకు సెలవు. ఆ ఎండల్లో నడక మొదలుపెట్టాలంటే తెల్లవారకముందే దిగాలి. మామూలుగా అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దీనికి అనువైన కాలం. ఇక్కడికి దగ్గర్లోనే తొట్లకొండ, 128 మీటర్ల ఎత్తు. 1976లో నౌకాదళం సర్వే చేస్తున్నప్పుడు బయటపడిన బౌద్ధ ఆరామం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. కాస్త దూరంలో ఉన్న బావికొండ పేరులోనూ నీళ్లే. రెండు వేల ఏళ్ల కిందట కాలినడకనే తిరిగిన భిక్షువులు ముందుగా నీళ్ల సంగతి చూసుకున్నారు. ఇవాళ అదే తీరంలో నడిచేవాడు సీసా నిండుగా ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోవాలి.

మన జనానికి నడక చేతకాక కాదు. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం గిరిప్రదక్షిణకు లక్షల మంది 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారిలో కొంత భాగం ఈ సముద్రతీరమే. ఆ ఒక్కరోజుకు దారి పొడవునా నీళ్లు, మజ్జిగ, దీపాలు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, ప్రత్యేక బస్సులు. అన్నీ సమకూరుతాయి, అధికారులకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మిగతా రోజుల్లో మాత్రం తీరం గురించి చర్చ అంతా రోడ్డు వెడల్పు గురించి, పార్కింగు గురించి. భోగాపురం విమానాశ్రయం పేరుతో ఈ దారిని మరింత వెడల్పు చేయాలన్న ప్రతిపాదనల్లోనూ వరుసల లెక్కే ప్రధానం. రోడ్డు వెడల్పయిన కొద్దీ బస్సు దిగినవాడు దాన్ని దాటి ఇసుక చేరడం కష్టమవుతుంది. ఆ మాట ఎవరూ ఎత్తరు, ఎందుకంటే ఆ చర్చలకు బస్సులో వెళ్లేవాళ్లు తక్కువ.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం అమల్లోకి వచ్చింది. పల్లెవెలుగులోనే కాదు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సర్వీసుల్లోనూ మహిళలకు ఛార్జీ లేదు. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు నుంచే ఉంది. వెంటనే ఒక వెటకారం బయల్దేరింది: పనీపాటా లేకుండా ఊరికే తిరుగుతున్నారట. తిరగనివ్వండి! పని లేకుండా సముద్రం దాకా వెళ్లి రావడం మగవాడు చేస్తే షికారు, ఆడమనిషి చేస్తే ఖజానాకు నష్టమా? ఇంటి ఖర్చుల్లో తన షికారుకు చోటు అడగలేని మనిషికి ఈ బస్సు చేసిన మేలు అంతా ఇంతా కాదు. అయితే ఛార్జీ తీసేయడంతో సగం పనే అయింది. దిగిన చోట వెలుతురు, కాస్త దూరంలో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఆమె షికారు బస్సు కిటికీ దగ్గరే ఆగిపోతుంది.

బ్రిటన్‌లోని వేల్స్‌లో 1970లో ప్రారంభమైన పెంబ్రోక్‌షైర్ తీరపు కాలిబాట సుమారు 300 కిలోమీటర్లు. దాని వెంట తిరిగే చిన్న బస్సులు పల్లె దారుల్లో స్టాపు లేకపోయినా, ప్రమాదం లేని చోట చెయ్యెత్తితే ఆగుతాయి. అక్కడ చదువుకుంటున్న తెలుగు పిల్లలు దీన్ని వింతగా చెబుతుంటే నవ్వొస్తుంది. ‘చెయ్యి ఎత్తండి, బస్సు ఎక్కండి’ అన్నది మన ఆర్టీసీ నినాదం కాదూ? వాళ్ల దగ్గర అదనంగా ఉన్నది కాలిబాట. బస్సు వేళలను, నడక దారిని ఒకే కాగితం మీద అచ్చువేసే అలవాటు కూడా.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. దిబ్బలు పెళుసు, జనం పెరిగితే అంచులు విరిగిపడతాయి. అందుకే లోపలికి గుర్తులు పెట్టిన ఒక్క దారే ఉండాలి, మిగతా చోట్ల అడుగు పడకూడదు. కానీ ఆ మట్టికి చక్రాలు చేసే చేటు పాదాలు చేసేదానికంటే చాలా ఎక్కువ. దిబ్బల దగ్గర పార్కింగు పెంచే బదులు బస్టాపులో ఒక పలక నిలబెట్టండి: దారి ఎటు, భీమిలికి నడిస్తే ఎంత దూరం, ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి.