టాన్సిల్స్ పనికిరానివి కావు: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి జవాబు

"టాన్సిల్స్, అడినాయిడ్స్, అపెండిక్స్ పనికిరాని భాగాలు. ఇమ్యూనిటీ ఉండేది రక్తంలో, వీటిలో కాదు. టాన్సిల్స్ వాచాయంటే చెడిపోయినట్టే. చిన్నప్పుడే తీయించేస్తే పిల్లలకు ఇక జలుబులు, జ్వరాలు రావు." ఇలాంటి మెసేజ్ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నమ్మి, అవసరం లేకపోయినా పిల్లలకు ఆపరేషన్ చేయించాలనుకునే తల్లిదండ్రుల గురించే నా బాధంతా. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ఇమ్యూనిటీ రక్తంలోనే ఉంటుందన్నది మొదటి తప్పు. రోగక్రిములు ఎక్కువగా వచ్చేది ముక్కు, నోరు, ఊపిరితిత్తులు, పేగుల దారిన. అక్కడ చర్మంలా మందమైన కవచం ఉండదు, తడిగా ఉండే పల్చని శ్లేష్మపొర ఉంటుంది. గాలి, ఆహారం లోపలికి ఇంకాలి కాబట్టి అది పల్చగానే ఉండాలి. ఆ లోటు తీర్చడానికే పొర అడుగున క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు గుంపులుగా కాపు కాస్తుంటాయి. గొంతులో ఇరువైపులా ఉండే టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్ కలిసి గొంతు చుట్టూ ఒక వలయంలా ఉంటాయని జర్మన్ శాస్త్రవేత్త వాల్డేయర్ 1884లో వివరించాడు. చిన్నపేగు చివరి భాగంలో మచ్చల్లా కనిపించే ఇలాంటి తెల్లకణాల గుంపులను స్విట్జర్లాండ్ వైద్యుడు పేయర్ 1677లోనే వర్ణించాడు.

ఈ పేయర్ మచ్చలు పనిచేసే తీరు చూడండి. పేగు లోపలి కణాల్లో ఎక్కువ భాగానికి పోషకాలు పీల్చుకోవడానికి పైన సన్నని కుచ్చు ఉంటుంది. మచ్చల మీద ఉండే ఎం కణాలకు ఆ కుచ్చు చాలా తక్కువ. వాటి పని వేరు. పేగులో పోతున్న బాక్టీరియాను, వైరస్‌లను పట్టుకుని, కింద సిద్ధంగా ఉన్న తెల్లకణాలకు అందిస్తాయి. అక్కడ బి కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణాలు) ఐజీఏ అనే యాంటీబాడీని తయారుచేయడానికి సిద్ధమై, లింఫ్ అనే పల్చని ద్రవం ద్వారా రక్తంలోకి వెళ్లి, మళ్లీ శ్లేష్మపొరలకే చేరుకుంటాయి. వాటిలో కొన్ని పాలిచ్చే తల్లి రొమ్ముకు చేరతాయి. తల్లి పేగు ఎదుర్కొన్న క్రిములపై యాంటీబాడీలు బిడ్డకు పాలలో అందేది ఇలాగే. పెద్దవాళ్ల పేగుల్లోకి రోజుకు 3 నుంచి 5 గ్రాముల ఐజీఏ వస్తుంది. శరీరం తయారుచేసే మిగతా యాంటీబాడీలన్నీ కలిపినా దీనికంటే తక్కువే. పోలియో చుక్కలు నోట్లో వేయడం వెనుక కూడా ఈ లెక్క ఉంది. ఇంజెక్షన్ రక్తంలో యాంటీబాడీలు పెంచి పక్షవాతాన్ని ఆపుతుంది. పేగులోనే వైరస్‌ను అడ్డుకోవడంలో మాత్రం చుక్కల మందుదే పైచేయి.

అపెండిక్స్ సంగతి క్లుప్తంగా చెబుతాను. అది పూర్వీకుల నుంచి మిగిలిపోయిన అవశేషమని డార్విన్ 1871లో రాశాడు, ఆ ముద్ర అలాగే ఉండిపోయింది. కానీ దాని గోడ నిండా ఇలాంటి తెల్లకణాల గుంపులే, అంటే లింఫ్ కణజాలమే ఉంది. మంచి బాక్టీరియాకు అది దాపు అని అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 2007లో ప్రతిపాదించారు. ఇది ఇంకా ప్రతిపాదనే. అపెండిక్స్ వాచి అపెండిసైటిస్ వస్తే మాత్రం వైద్యం ఆలస్యం చేయకూడదు.

ఇక వాపు. టాన్సిల్ పైభాగం నున్నగా ఉండదు, లోపలికి పోయే 10 నుంచి 30 గుంటలు ఉంటాయి. క్రిములు వాటిలో చేరగానే బి కణాలు పెద్ద సంఖ్యలో పెరుగుతాయి, దాంతో టాన్సిల్ ఉబ్బుతుంది. అంటే అది పని చేస్తోందని అర్థం. కొత్త క్రిములు రోజూ ఎదురయ్యే చిన్న వయసులో టాన్సిల్స్ పెద్దగా ఉండడం మామూలే, పెరిగేకొద్దీ తగ్గుతాయి.

చూపుతోనే తేల్చేస్తే ఏమవుతుందో 1934లో న్యూయార్క్‌లో జరిగిన పరిశీలన చెబుతుంది. 1000 మంది బడిపిల్లల్లో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగిలిన 389 మందిని డాక్టర్లకు చూపిస్తే 174 మందికి ఆపరేషన్ కావాలన్నారు. అక్కర్లేదన్న 215 మందిని వేరే డాక్టర్లకు చూపిస్తే వాళ్లలో 99 మందికి కావాలన్నారు. చివరికి మిగిలిన 116 మందిని మరికొందరు డాక్టర్లు చూసి 51 మందికి తీసేయాలన్నారు! ఇది చదివిన ప్రతిసారీ నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు.

తీయించేస్తే జలుబులు రావన్నది కూడా నిజం కాదు. జలుబు తెచ్చేది ముక్కులోనూ గొంతులోనూ పెరిగే వైరస్‌లు, టాన్సిల్స్ లేనంత మాత్రాన అవి ఆగవు. డెన్మార్క్‌లో దాదాపు 12 లక్షల మంది పిల్లల రికార్డులను చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. 9 ఏళ్లలోపే టాన్సిల్స్ తీసినవాళ్లలో ముక్కు, గొంతు జబ్బులు తర్వాతి కాలంలో ఎక్కువగా కనిపించాయి. ఆపరేషనే కారణమని దీంతో రుజువు కాలేదు, కానీ మెసేజ్ ఇచ్చే హామీ మాత్రం నిలబడదు. పైగా ఆపరేషన్ తర్వాత రక్తస్రావం ముప్పు ఉంది.

అలాగని ఎవరికీ వద్దని కాదు. ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా 5 సార్లు, లేదా మూడేళ్లు ఏటా 3 సార్లు గొంతు ఇన్ఫెక్షన్ తీవ్రంగా వస్తే ఆపరేషన్ గురించి ఆలోచించడం సమంజసం. నిద్రలో గురకపెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోయే పిల్లలకు అది చాలాసార్లు నిజంగా మేలు చేస్తుంది. ఇప్పటికే తీయించినవాళ్లు భయపడాల్సిన పనిలేదు, మిగతా శ్లేష్మపొరల్లోని కణజాలం ఆ పని చేస్తూనే ఉంటుంది. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మెసేజ్ చూపించకండి. గొంతునొప్పి వచ్చిన తేదీలు, అప్పటి జ్వరం ఎంత, పిల్లలు రాత్రి ఎలా నిద్రపోతున్నారు అన్నవి రాసుకుని తీసుకెళ్లండి.