గ్రేల లెక్క రోగికీ తెలియాలి

మూత్రాశయ క్యాన్సర్ కండర పొరలోకి పాకిందని తేలినప్పుడు, అవయవాన్ని పూర్తిగా తీసేయడం ఒక్కటే దారి కాదు. మూత్రమార్గం గుండా పరికరాన్ని పంపి గడ్డను వీలైనంత వరకు తొలగించి, ఆపైన కీమోథెరపీతో కలిపి రేడియేషన్ ఇచ్చే పద్ధతి ఉంది. అది అందరికీ సరిపడదు. సరిపడినవారికైనా ఎంత డోసు ఇస్తున్నారో, దానివల్ల ఎలాంటి ఇబ్బందులు రావచ్చో విడమరచి చెప్పాకే సంతకం తీసుకోవాలి.

డోసును గ్రేలలో కొలుస్తారు. కిలో కణజాలం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. బ్రిటన్‌లో రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి: ఆరున్నర వారాల్లో 32 విడతలుగా 64 గ్రేలు, లేదా నాలుగు వారాల్లో 20 విడతలుగా 55 గ్రేలు. అంకె చిన్నది కాబట్టి చికిత్స కూడా తక్కువేనని రోగి బెంగపడితే తప్పు రోగిది కాదు, వివరించనివారిది. ఒక్కో విడతలో 2 గ్రేలకు బదులు 2.75 గ్రేలు ఇచ్చినప్పుడు కణాలపై పడే దెబ్బ బలంగా ఉంటుంది కనుక మొత్తాన్ని తగ్గిస్తారు. రెండు ట్రయల్స్‌లోని రోగుల సమాచారాన్ని కలిపి చేసిన విశ్లేషణ 2021లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వెలువడింది. మూత్రాశయంలోనూ దాని చుట్టుపక్కలా వ్యాధి తిరగబెట్టకుండా చూడడంలో 20 విడతల పద్ధతే మెరుగని, దుష్ఫలితాలు మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయని అది తేల్చింది. పన్నెండు రోజుల ప్రయాణం తప్పడం నీరసించిన మనిషికి చిన్న ఊరట కాదు.

చికిత్స సాగుతుండగా మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, విరేచనాలు, అలసట సాధారణం. చాలామందిలో కొన్ని వారాల్లో ఇవి తగ్గుతాయి. నెలలు, ఏళ్లు గడిచాక వచ్చేవి వేరు. మూత్రాశయం గట్టిపడి పట్టే పరిమాణం తగ్గవచ్చు, పెళుసుబారిన చిన్న రక్తనాళాల నుంచి రక్తం పడవచ్చు, పురీషనాళం దెబ్బతినవచ్చు, లైంగిక సామర్థ్యం తగ్గవచ్చు. రక్తం కనిపిస్తే అది రేడియేషన్ ప్రభావమేనని సరిపెట్టుకోకుండా, వ్యాధి తిరగబెట్టిందేమో పరీక్షించి తీరాలి.

మూత్రాశయం నిండేకొద్దీ దాని ఆకారం మారుతుంది, అది ఉన్నచోటు నుంచి పక్కకు జరుగుతుంది. అందుకే విడత విడతకూ స్కాన్‌తో సరిచూసుకోవడం, ప్రతిసారీ దాన్ని ఖాళీ చేసి రమ్మనడం పేగులను కాపాడే జాగ్రత్తలు. ఆ కారణం తెలిసిన రోగి ఆ సూచనను మరింత శ్రద్ధగా పాటిస్తాడు.

సిగ్గువల్ల రోగులు దాచుకునే బాధలే ఇక్కడ ఎక్కువ. కాబట్టి వైద్యులే ముందుగా, సూటిగా అడగాలని, చికిత్స ముగిసిన ఏళ్ల తర్వాత కూడా ప్రతి సందర్శనలో మూత్రం, మలవిసర్జన, దాంపత్య జీవితం గురించిన ప్రశ్నలు తప్పనిసరి చేయాలని మేము కోరుతున్నాం.