చలికి గట్టిపడే ఫైబర్, కెరటానికి అలిసే తెప్ప

కళింగపట్నం ఒడ్డున బోర్లించిన పాత ఫైబర్ తెప్ప అడుగున వేలితో రాసి చూడండి. వెంట్రుకవాసి నెర్రెలు తగులుతాయి. తెప్ప ఏ బండకూ కొట్టుకోలేదు. రోజూ కెరటం కొట్టింది, అంతే. "మేట్ ఏసి రెసిన్ పూసినాం బాబూ, ఈ సీజను లాగేస్తాది" అన్నాడు ఒకాయన. మేట్ అంటే గాజు పోగుల చాప, రెసిన్ అంటే ఆ పోగుల్ని పట్టి ఉంచే జిగురు; ఫైబర్ తెప్ప ఈ రెండింటితో చేసిందే. ఒక్క దెబ్బకు చెక్కుచెదరని సరుకు లక్ష చిన్న దెబ్బలకు లొంగిపోతే దాన్నే ఇంజనీర్లు ఫెటీగ్ అంటారు.

దీన్ని కొలవడానికి ముక్కను యంత్రానికి బిగించి, తెగే బలం కన్నా తక్కువ బలంతో లక్షల సార్లు లాగి వదులుతారు. సెకనుకు కొన్ని సార్లే. తొందరపడితే ముక్క తనంతట తానే వేడెక్కి లెక్క తప్పుతుంది. ఇదే పరీక్షను ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర చేస్తే చిత్రమైన సంగతి బయటపడుతుంది. గాజు పోగులు చలికి బలపడతాయి. పోగుల వెంట లాగితే ముక్క ఎక్కువ కాలం నిలుస్తుంది. రెసిన్ మాత్రం పెళుసెక్కుతుంది. పైగా అది గాజు కన్నా దాదాపు పది రెట్లు ముడుచుకోవాలని చూస్తుంది, పోగులు ముడుచుకోనివ్వవు. బరువు పడకముందే లోపల పెనుగులాట మొదలై, పోగులు అడ్డంగా పరిచిన పొరల్లో నెర్రెలు పుడతాయి. 1999 నవంబరులో నాసా ప్రయోగాత్మక అంతరిక్ష వాహనం ఎక్స్-33 ద్రవ హైడ్రోజన్ ట్యాంకుకు జరిగింది ఇలాంటిదే. అది కార్బన్ పోగులది. లోపలి పొర నెర్రెల్లోంచి హైడ్రోజన్ పొరల మధ్యకు దూరింది, ట్యాంకు ఖాళీ చేశాక వేడికి ఉబ్బి పై పొరను ఊడబెరికింది.

శ్రీకాకుళంలో మైనస్ డిగ్రీలెక్కడివి అంటారా? నా గొడవా అదే. చలిలో పెరిగిన బలం ఇక్కడ పనికిరాదు. మన రెసిన్ ఉప్పునీరు పీల్చి, ఎండకు మెత్తబడి, పోగు మీద పట్టు వదులుతుంది. ఏ వేడిలో, ఎంత తడిలో, ఎన్నిసార్లు లాగారో చెప్పని బలం అంకెను నేను నమ్మను.

విజయనగరం వైపు నేను చూసిన కొన్ని విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఒక్కసారి లాగి తెంపిన అంకే ఉంది. ఆ రోజు ల్యాబ్ ఎంత వేడిగా ఉందో రాయలేదు. మే మధ్యాహ్నపు ముక్క, జనవరి పొద్దుటి ముక్క ఒకే పట్టికలో! ఫెటీగ్ పరీక్షకు కోట్ల యంత్రమేం అక్కర్లేదు. ఒక చిన్న మోటారు, ముక్కను అటూ ఇటూ వంచే క్రాంకు, ఎన్నిసార్లు వంగిందో లెక్కపెట్టే కౌంటరు చాలు. ఒక ముక్కను సముద్రపు నీటి బకెట్లో నాలుగు నెలలు నానబెట్టాలి. ఇంకోదాన్ని చేపలు సర్దే థర్మాకోల్ పెట్టెలో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మధ్య పెట్టాలి. మూడోది ఆ తెప్ప అడుగు నుంచి కోసి తేవాలి, మేట్ వేసిన చోటుతో సహా.