యూరప్‌లో హాస్టలా, హోటలా? మంచం రేటు చూసి తేల్చేయకండి

మార్చి వచ్చిందంటే చాలు, తెలిసినవాళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మేలో యూరప్ అనుకుంటున్నాం. హాస్టల్స్‌లో దిగితే సగం డబ్బులు మిగిలిపోతాయట, నిజమేనా?" అని ఒకరు. "పిల్లాపాపలతో వెళ్తూ హాస్టల్లో పడుకోవడమేంటి? ఊరికి దూరమైనా సరే, హోటలే చూడు" అని ఇంకొకరు. ఒకరు రీల్స్ చూసి, ఇంకొకరు పరువు చూసుకుని తేల్చేస్తున్నారు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజే పెద్దవాళ్లకి మనిషికి 90 యూరోలు. ఆపైన విమానం టికెట్లు, ఇన్సూరెన్స్, నెలల తరబడి కాగితాలు పోగేసుకోవడం. చాలామందికి మళ్లీ మళ్లీ కుదిరే ట్రిప్ కూడా కాదు. అందుకే గట్టిగానే చెప్తున్నాను: ఎంతమంది వెళ్తున్నారు, ఎవరెవరు వెళ్తున్నారు, అక్కడ ఏం తింటారు అన్నది చెప్పకుండా హాస్టలా హోటలా అని అడగొద్దు.

ముందు లెక్క చూద్దాం. హాస్టల్ డార్మ్‌లో, అంటే నలుగురైదుగురు కలిసి పడుకునే పెద్ద గదిలో, మంచానికి అద్దె, హోటల్లో గదికి అద్దె. వెబ్‌సైట్లో రెండూ పక్కపక్కన కనిపించేసరికి అందరూ మంచం రేటునీ గది రేటునీ పోల్చేస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ లాంటి ఊళ్లో జూన్ నెలలో డార్మ్ మంచం 50 యూరోలు, బడ్జెట్ హోటల్లో డబుల్ రూమ్ 110 యూరోలు అనుకోండి. ఒక్కరే అయితే హాస్టల్‌తో 60 యూరోలు మిగిలినట్టే, ఇక ఆలోచించేదేం లేదు. ఇద్దరైతే తేడా 10 యూరోలు. ఆ పదికి సొంత బాత్‌రూమ్, టవల్, తలుపుకి గడియ వస్తాయి. డార్మ్‌లో టవల్‌కి చాలా చోట్ల విడిగా డబ్బు కట్టాలి, లాకర్‌కి తాళం మనమే తెచ్చుకోవాలి. ఈ చిల్లర ఖర్చులు కలిపితే ఆ పది యూరోల్లో మిగిలేది కూడా పెద్దగా ఉండదు. కొత్తగా పెళ్లైన జంటలు కూడా డబ్బు ఆదా అని డార్మ్ బుక్ చేసుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎవరో ఒక్కరే తిరుగుతూ చేసిన వీడియోలోని లెక్క వాళ్లది, మనది కాదు.

ఇద్దరు పెద్దవాళ్లు, ఒక పిల్ల అయితే హోటల్ వైపే ఇంకా మొగ్గుతుంది. ఐబిస్ బడ్జెట్ హోటళ్లలో డబుల్ బెడ్ పైన అడ్డంగా ఇంకో బంక్ ఉండే గదులు చూసుంటారు. గది చిన్నదే, సూట్‌కేసు పూర్తిగా తెరవాలంటే మంచం మీద పెట్టాలి. కానీ ముగ్గురికీ ఒకే అద్దె. బ్రిటన్‌లో ప్రీమియర్ ఇన్ ఫ్యామిలీ రూముల్లో ఇద్దరు పెద్దవాళ్లు, 16 ఏళ్లలోపు పిల్లలు ఇద్దరు సర్దుకోవచ్చు. పెద్దవాళ్లలో ఒకరు బ్రేక్‌ఫాస్ట్ కొంటే ఇద్దరు పిల్లలకి బ్రేక్‌ఫాస్ట్ ఉచితం. ఆ నలుగురినీ నాలుగు మంచాల లెక్కన హాస్టల్లో పెట్టి చూడండి, ఏది చవకో మీకే తెలుస్తుంది.

ఒక్కరే వెళ్లేవాళ్ల దగ్గరికి వస్తే నా మాట పూర్తిగా వేరు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. జర్మనీలో మన తెలుగు పిల్లలు ఎంతోమంది చదువుకుంటున్నారు. నాలుగు రోజులు సెలవు దొరికితే ఫ్లిక్స్‌బస్ ఎక్కి ప్రాగ్‌కో వియన్నాకో వెళ్దామనుకుంటారు. అప్పుడు ఇంటి నుంచి ఫోన్: "హాస్టల్ వద్దు తల్లీ, హోటల్ తీసుకో, డబ్బులు పంపిస్తాం." ఆ తల్లిదండ్రులకి నా విన్నపం ఒక్కటే. స్టేషన్ వెనక సందులో, రాత్రి పదింటికి రిసెప్షన్ మూసేసి, తాళాలు గోడ మీద డబ్బాలో పెట్టి వెళ్లిపోయే చవక హోటల్ కంటే, ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండే హాస్టల్లో లేడీస్ డార్మ్ వెయ్యి రెట్లు నయం. కీ కార్డ్ లేకుండా లిఫ్ట్ కూడా కదలని హాస్టళ్లున్నాయి. అర్ధరాత్రి జ్వరమొస్తే పక్క మంచంలో మనిషి ఉంటుంది.

వియన్నాలో నేను ఉన్న లేడీస్ డార్మ్ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ప్రతి మంచానికీ మందపాటి కర్టెన్, తలగడ పక్కన చిన్న లైటు, ఫోన్ ఛార్జింగ్‌కి ప్లగ్గు, మంచం కింద సూట్‌కేసు మొత్తం పట్టేంత ఇనప సొరుగు. ఎదురు కింది మంచంలో మా అమ్మకంటే పెద్దావిడ, రిటైరైన టీచర్. స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే చవక టికెట్ల కోసం వచ్చింది. పొద్దున్నే లేచి, ఎవరికీ నిద్ర చెడకుండా బట్టలు చేతిలో పట్టుకుని బయటికెళ్లి తయారయ్యేది. ఎక్కడ క్యూలో నిలబడాలో, ఎన్నింటికి వెళ్లాలో నాకూ ఆవిడే చెప్పింది. హోటల్ గదిలో తలుపేసుకుని కూర్చుంటే ఆ మాట చెప్పే మనిషి దొరకదు.

హాస్టలంటే తాగి అల్లరి చేసే కుర్రకారు అడ్డా అనుకునేవాళ్లకి దాని పుట్టుక కూడా చెప్పాలి. 1909లో జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడి పంతులు పిల్లల్ని నడిపించుకుంటూ ఊళ్లు తిప్పుతుంటే పెద్ద వాన పట్టుకుంది. దారిలో ఒక పల్లె బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బడులని ఇలా నడిచి తిరిగే పిల్లలకి బసలుగా ఎందుకు మార్చకూడదన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1912లో ఆల్టెనా కోటలో శాశ్వతమైన యూత్ హాస్టల్ వచ్చింది. అప్పటి గదులు ఇప్పుడు మ్యూజియం. ఈ రోజుకీ జర్మనీ యూత్ హాస్టళ్లలో బడి పిల్లల గుంపులు, చంటిపిల్లలతో వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. అక్కడ దిగడానికి సభ్యత్వం ఉండాలి. మన యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కూడా అదే అంతర్జాతీయ సంఘంలో సభ్యురాలు. వెళ్లేముందే ఇక్కడ సభ్యత్వ కార్డు గురించి కనుక్కోండి. పార్టీ హాస్టళ్లు లేవని కాదు. రివ్యూల్లో మొదటి మూడింటిలోనే బార్ గురించి, పబ్ క్రాల్ (గుంపుగా ఒక బార్ నుంచి ఇంకో బార్‌కి తిరగడం) గురించి ఉంటే ఆ హాస్టల్ వదిలేయండి, అంతే.

ఇక అమ్మానాన్నల సంగతి. ఇక్కడ మాత్రం నేను ఏ వాదనా వినను. ప్రాగ్‌లో ఒక హాస్టల్‌కి రాత్రి పదకొండింటికి తిరిగొస్తే, రిసెప్షన్ పక్క సోఫాలో చీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చుని ఉంది. "తెలుగువాళ్లేనా అమ్మా?" అని ఆవిడే పలకరించింది. కొడుకు ఎనిమిది మంచాల మిక్స్‌డ్ డార్మ్‌లో నలుగురికీ బుక్ చేశాడట. "ఆ గదిలో మగపిల్లలున్నారమ్మా, చీర ఎక్కడ మార్చుకోను? బాత్‌రూమ్‌లో చూస్తే నేలంతా తడి" అంది. "రండి ఆంటీ" అని మా లేడీస్ డార్మ్‌కి తీసుకెళ్తే అక్కడ మార్చుకుంది. వాళ్లాయనకి దొరికింది పై మంచం. రాత్రి బాత్‌రూమ్‌కి లేవాలంటే చీకట్లో నిచ్చెన దిగాలి. అరవై దాటిన మోకాళ్లు! నాలుగు మంచాలకి కట్టిన డబ్బుకి ఇంకాస్త కలిపితే రెండు డబుల్ రూములు వచ్చేవి. ఆ కొడుకు చెడ్డవాడేం కాదు, అమ్మానాన్నలకి యూరప్ చూపించాలన్న ప్రేమతోనే వచ్చాడు. కానీ అంత దూరం తీసుకెళ్లి ఆవిడని రాత్రిపూట సోఫాలో కూర్చోబెట్టాల్సిన అవసరం లేదు.

అయితే హోటల్ బుక్ చేసేవాళ్లు మర్చిపోయేది తిండి. మనవాళ్లు మూడో రోజుకి శాండ్‌విచ్ చూస్తేనే మొహం తిప్పుకుంటారు. శాకాహారులైతే ఇంకా కష్టం. రోజూ ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కుంటూ పోతే, గదిలో మిగిల్చిన డబ్బు అక్కడ పోతుంది. కొందరు రైస్ కుక్కర్ తీసుకెళ్లి హోటల్ గదిలో వండుతారు. దయచేసి ఆ పని చేయకండి. గదిలో వంట దాదాపు ఎక్కడా ఒప్పుకోరు, పొగ అలారం మోగితే అర్ధరాత్రి బిల్డింగంతా కిందికి దిగాలి, జరిమానా వేరే. వంటగది ఉన్న హాస్టల్లో ఈ బాధ ఉండదు. సూపర్ మార్కెట్లో బియ్యం, పెరుగు, టమాటాలు దొరుకుతాయి. కందిపొడి, పులిహోర పొడి మన బ్యాగ్‌లో ఉంటాయి. గిన్నెలు వాళ్లే ఇస్తారు. మన అల్యూమినియం గిన్నె మోసుకెళ్లినా చాలా చోట్ల ఉండే ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదు. ఫ్రిజ్‌లో పెట్టే ప్రతిదాని మీదా పేరు, వెళ్లిపోయే తేదీ రాయాలి, లేకపోతే తీసి పడేస్తారు. జర్మనీలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో మాత్రం కొన్ని తెరిచి ఉంటాయి. శనివారమే సరుకులు తెచ్చుకోండి.

ఒక హెచ్చరిక. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి కుదరవు. ఆవకాయకి ఆ ఇబ్బంది లేదు, మూత గట్టిగా బిగించి చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టండి.

హాస్టల్ అన్నంత మాత్రాన వంటగది ఉంటుందని కూడా అనుకోవద్దు. పెద్ద చైన్‌లలో చాలావాటికి బార్, కెఫే మాత్రమే ఉంటాయి. మైనింగర్ లాంటి హాస్టల్ చైన్‌లలో విడి గదులూ ఉంటాయి, అతిథులు వండుకునే కిచెనూ ఉంటుంది. కుటుంబాలకి నేను ముందు చెప్పేది ఇలాంటివే. హాస్టల్ అంటే డార్మ్ ఒక్కటే అనుకుని మనవాళ్లు ఈ విడి గదుల పేజీ కూడా తెరవరు.

దూరం గురించి కూడా ఒక మాట. ఊరి బయట హోటల్ చవకే. పారిస్‌లో 2025 నుంచి మెట్రో, లోకల్ రైళ్ల టికెట్ ఎంత దూరమైనా ఒకటే రేటు, 2025లో అది 2.50 యూరోలు, ఎయిర్‌పోర్టుకి మాత్రం వేరు. డబ్బు సరే, సమయం మాటేంటి? పొద్దున గంట, రాత్రి గంట రైల్లోనే పోతే, మధ్యాహ్నం అమ్మ అలసిపోయినప్పుడు కాసేపు గదికెళ్లి నడుం వాల్చే వీలుండదు. వెనిస్‌కి మాత్రం ఇది వర్తించదు. పక్కనే నేల మీదున్న మెస్త్రేలో దిగితే రైల్లో పది నిమిషాల్లో నీళ్ల మధ్యకి చేరిపోతారు. మెస్త్రే కూడా వెనిస్ మున్సిపాలిటీలోదే కాబట్టి అక్కడ బస చేసినవాళ్లు పగటి సందర్శకులకి పెట్టిన ప్రవేశ రుసుము కట్టక్కర్లేదు.

సిటీ ట్యాక్స్, అంటే ఊళ్లో బస చేసినందుకు కట్టే పన్ను, చాలాసార్లు బుకింగ్ రేటులో కనపడదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి గది ధర మీద 12.5 శాతం. రోమ్‌లో తలకి ఇంత అని వసూలు చేస్తారు, త్రీ స్టార్ హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోలు. నలుగురు పెద్దవాళ్లు మూడు రాత్రులుంటే 72 యూరోలు కౌంటర్ దగ్గర అడుగుతారు. రెండు చోట్ల రేట్లు పోల్చేటప్పుడు ఇది కూడా కలుపుకోండి.

స్విట్జర్లాండ్‌లో మాత్రం నా లెక్క తిరగబడుతుంది. అక్కడ హోటల్ రేట్లు చూస్తే గుండె ఆగుతుంది, ఇద్దరైనా నలుగురైనా. ఇంటర్‌లాకెన్ యూత్ హాస్టల్ ఓస్ట్ స్టేషన్ పక్కనే ఉంది. యుంగ్‌ఫ్రావు వైపు రైళ్లు అక్కడి నుంచే. విడి గదులున్నాయి, దుప్పట్లు, బ్రేక్‌ఫాస్ట్ అద్దెలోనే. సభ్యత్వం లేకపోతే రాత్రికి కొంచెం అదనం, అంతే. బాసెల్‌లో అయితే హాస్టల్లో దిగినా, హోటల్లో దిగినా బస చేసినన్ని రోజులు ట్రామ్, బస్సు ఉచితంగా తిరిగే కార్డు ఇస్తారు.

మొన్న ఒకరు అడిగారు: మేలో పారిస్, స్విస్, రోమ్, అమ్మానాన్నలతో కలిపి నలుగురం. నేను చెప్పింది ఇది. పారిస్‌లో మెట్రో స్టేషన్‌కి దగ్గర్లో బడ్జెట్ హోటల్లో రెండు గదులు, లిఫ్ట్ ఉందో లేదో చూసుకోండి, పాత బిల్డింగుల్లో చాలాచోట్ల ఉండదు. స్విస్‌లో హాస్టల్ ఫ్యామిలీ రూమ్. రోమ్‌లో హోటల్, ఏసీ ఉన్నదే. వీసాకి పెట్టే బుకింగ్ కాగితాల్లో నలుగురి పేర్లూ ఉండాలి, ఉచితంగా రద్దు చేసుకునే ఆప్షన్ ఉండాలి. రోమ్ టెర్మిని స్టేషన్ చుట్టుపక్కల చిన్న హోటళ్లు చాలావరకు పాత అపార్ట్‌మెంట్లలో ఒక అంతస్తులో నడుస్తాయి, రాత్రి ఎవరూ ఉండకపోవచ్చు. మీ రైలు ఆలస్యంగా చేరేదైతే, తలుపు ఎవరు తీస్తారో డబ్బు కట్టకముందే మెసేజ్ పెట్టి అడగండి.