బట్టల మూటలో ఒక రాజ్యాన్ని మోసుకెళ్ళిన మనిషి

తిరుమలలో మహాద్వారం దాటి లోపలికి అడుగు పెట్టగానే ప్రతిమా మండపంలో చేతులు జోడించి నిలబడ్డ రాజుల విగ్రహాలు కనిపిస్తాయి. శ్రీకృష్ణదేవరాయల్ని, ఆయన ఇద్దరు దేవేరుల్ని అందరూ గుర్తుపడతారు. అక్కడే ఇంకో రాగి విగ్రహం ఉంది. అది వెంకటపతి దేవరాయలది. మన చంద్రగిరి రాజు. వెనక నుంచి తోసేవాళ్ళు, ముందు నుంచి గోవింద నామాలు, ఆ హడావుడిలో ఆయన వైపు తల తిప్పేవాళ్ళే తక్కువ. తిరుపతిలో పుట్టి పెరిగిన నేనే నలభై ఏళ్ళు వచ్చేదాకా ఆయనెవరో తెలుసుకోలేదు. తెలిశాక మాత్రం ఆ మండపం దాటిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది. ఆయన కన్నుమూశాక మనవాళ్ళే మనవాళ్ళని నరుక్కున్నారు. కొత్త రాజు, రాణి, బిడ్డలు పోయారు. ఆ ఇంట్లో ఒక్క మగపిల్లవాడు మిగిలాడు. వాణ్ణి బయటికి తెచ్చింది ఒక చాకలాయన.

దీని గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా. మొన్న ఆదివారం మా అక్క కొడుకుని తీసుకుని చంద్రగిరి కోటకి వెళ్ళొచ్చాక ఇక ఉండబట్టలేదు.

రాజమహల్ ఇప్పుడు మ్యూజియం. మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నం తప్ప కొయ్య వాడలేదని చెబుతారు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల గోడకి చెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు, ఆయుధాలు చూసుకుంటూ మావాడు కిటికీ దగ్గర ఆగాడు. వాడు ఏడో తరగతి. "మామా, రాక్షస తంగడి యుద్ధంతో విజయనగరం అయిపోయింది కదా. మరి ఇక్కడ రాజులు ఎట్లా ఉన్నారు?" అన్నాడు.

వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. మనందరి బుర్రల్లో 1565 దగ్గర కథ ఆగిపోయింది. బయటి సుల్తానులు వచ్చారు, హంపీని తగలబెట్టారు, అంతే. నిజానికి ఆ తర్వాత కూడా రాజ్యం బతికింది. అళియ రామరాయలి తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండకి వచ్చి నిలదొక్కుకున్నాడు. ఆయన కొడుకు వెంకటపతి రాయలు 1586లో గద్దెనెక్కి 28 ఏళ్ళు ఏలాడు. పోయిందనుకున్న రాజ్యాన్ని మళ్ళీ కూడగట్టాడు. పెనుగొండ నుంచి చంద్రగిరికి, చివరికి వేలూరుకి రాజధాని మార్చాడు. యూరప్ నుంచి వచ్చిన పాద్రీలు, చిత్రకారులు ఆయన కొలువులో తిరిగారు. అంటే మా వాడు నిలబడ్డ ఆ నేలే వాడి పాఠం అక్కడితో పూర్తికాలేదని చెబుతోంది.

పూర్తయింది ఎక్కడో కూడా వాడికి చెప్పాను. చెబుతుంటే గొంతు పట్టేసింది, దాచుకోను.

1614 అక్టోబరులో వెంకటపతి రాయలు పోయాడు. పోయేముందు అన్న కొడుకు శ్రీరంగరాయలికి తన ఉంగరం ఇచ్చి వారసుణ్ణి చేశాడు. పట్టమహిషి గొబ్బూరి వారి ఆడపడుచు. ఆమెకి ఇది మింగుడు పడలేదు. ఆమె కొడుకని చెప్పి పెంచుతున్న పిల్లవాడు ఒకడున్నాడు. గొబ్బూరి జగ్గరాయలు ఆ పిల్లవాణ్ణి గద్దెనెక్కించడానికి ఇంకొందరు సరదార్లని కలుపుకుని వేలూరు కోటలోకి చొరబడి, శ్రీరంగరాయల్ని భార్యాబిడ్డలతో సహా బందీ చేశాడు. పెద్ద పెద్ద నాయకులంతా ఎటు గాలి వీస్తే అటు ఒరిగిపోయారు. ఎదురు నిలబడింది వెలుగోటి యాచమ నాయకుడు. తర్వాతి కాలంలో వెంకటగిరి సంస్థానాన్ని ఏలిన వంశం ఆయనదే.

ఇదంతా మనకి ఎలా తెలిసింది? బర్రదాస్ అనే పోర్చుగీసు పాద్రి 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన ఒక ఉత్తరంలో వివరంగా ఉంది. యుద్ధం ఇంకా చల్లారక ముందే రాసిన ఉత్తరం అది. కోటకి గట్టి కాపలా. యాచముడు ఒక చాకలిని లోపలికి పంపాడు. బట్టలకని వెళ్ళిన మనిషిని కాపలావాళ్ళు పట్టించుకోలేదు. ఆయన రాజు రెండో కొడుకు రాముణ్ణి మూటలో కట్టుకుని, అందరి కళ్ళ ముందు నుంచే కోట గుమ్మం దాటాడు. ఆ తర్వాత రాజు కూడా సొరంగం తవ్వించి తప్పించుకోబోయాడు, బయటపడిపోయింది. ఇక జగ్గరాయలు ఆగలేదు. తమ్ముణ్ణి లోపలికి పంపాడు. ఆ రోజు ఆ గదిలో జరిగింది ఆ ఉత్తరంలో ఉంది. పన్నెండేళ్ళ పిల్లవాడి ముందు నేను చదవలేకపోయాను, ఇక్కడ రాయడానికీ చెయ్యి రావడం లేదు. రాజు కుటుంబం తుడిచిపెట్టుకుపోయింది, అంతవరకు చాలు.

రాముడు బయట ఉన్నాడు కాబట్టే యుద్ధం నిలబడింది. తంజావూరు రఘునాథ నాయకుడు యాచముడి వైపు. మధుర, జింజి నాయకులు జగ్గరాయలి వైపు. చివరి పెద్ద పోరు 1616-17లో కావేరి ఒడ్డున, తిరుచిరాపల్లి దగ్గర తోపూరులో జరిగింది. రెండు వైపులా సేనానులు తెలుగువాళ్ళే. జగ్గరాయలు అక్కడే చచ్చాడు. ఆ పిల్లవాడు రామదేవరాయలుగా పట్టాభిషేకం చేసుకున్నాడు. అయినా జగ్గరాయలి తమ్ముడు ఎతిరాజు పోరు మానలేదు. ఆఖరికి ఎతిరాజు కూతుర్ని రామదేవరాయలికి ఇచ్చి పెళ్ళి చేశాకగానీ రాజీ కుదరలేదు. అమ్మానాన్నల్ని చంపించినవాడి ఇంటి పిల్లని చేసుకున్నాడన్నమాట. ఆ పెళ్ళి పందిట్లో ఆ కుర్రవాడు ఏమనుకుని ఉంటాడో అని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఆ తర్వాత రాజ్యంలో సత్తువ మిగల్లేదు. నాయకులు ఎవరికి వారే. 1639లో మద్రాసు తీరంలో కాస్త చోటు ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్ళింది. 1646కల్లా చంద్రగిరి గోల్కొండ వాళ్ళ పాలైంది. రాక్షస తంగడిలో పోయిందాని గురించి మనం నాలుగొందల ఏళ్ళుగా ఏడుస్తున్నాం. మన చేతులతో మనం పోగొట్టుకున్నదాని గురించి ఒక్క మాట ఎత్తం. నాకు కోపం ఇక్కడే వస్తుంది.

పరాయివాడు కొడితే ఓడిపోయామని చెప్పుకోవడం తేలిక. ఒకే భాష మాట్లాడుకునేవాళ్ళం, ఒకే దేవుడికి మొక్కేవాళ్ళం, వియ్యమందుకున్నవాళ్ళం, ఒకరి పిల్లల్ని ఒకరు చంపుకున్నామని చెప్పుకోవడానికి మనసొప్పదు. అందుకని వదిలేశాం. వదిలెయ్యని వాళ్ళైనా ఏం చేస్తున్నారు? ఈ యుద్ధం గురించి ఆన్‌లైన్లో వెతికి చూడండి. యాచమ నాయకుడు మా కులం, జగ్గరాయలు మీ కులం, మావాడు వీరుడు, మీవాడు ద్రోహి, కింద వందల కామెంట్లు, బూతులు. నాలుగు శతాబ్దాల కింద చచ్చినవాళ్ళ కత్తులు తెచ్చి ఇవాళ మళ్ళీ దూసుకుంటున్నారు. ఇన్ని కామెంట్లలో ఆ చాకలాయన ఊసు నాకెక్కడా కనపడలేదు. ఆయన్ని మావాడు అనేవాళ్ళు ఎవరూ లేరు.

నేనంటాను. మాది చాకలి కుటుంబం. మా తాత చంద్రగిరి పక్కన స్వర్ణముఖి రేవులో గుడ్డలుతికినవాడు. ఇప్పుడు అక్కడ నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. చౌడు మట్టి, బాన, రేవు బండ, నల్లజీడి గింజతో బట్టకి పెట్టే గుర్తు, ఇవన్నీ చిన్నప్పుడు చూసినవే. ఏ గుడ్డ ఏ ఇంటిదో మా తాతకి చీకట్లో కూడా తెలిసేది. ఊళ్ళో ఏ ఇంటి గడపైనా దాటేవాడు. దాటినా అక్కడ ఆయన్ని మనిషిగా చూసినవాళ్ళు తక్కువ. పెరట్లోకి పోయి మూట తీసుకుని వచ్చేవాడు, అంతే. వేలూరు కోటలో కాపలావాళ్ళు ఆ చాకలాయన్ని ఎందుకు పట్టుకోలేదో నాకు ఏ చరిత్రకారుడూ చెప్పక్కర్లేదు. వాళ్ళకి మూట కనపడింది, మనిషి కనపడలేదు.

దొరికి ఉంటే ఆయన్నీ, ఇంట్లో వాళ్ళనీ ఏం చేసేవాళ్ళో మనకి తెలుసు. ఆ మాట ఆయనకీ తెలుసు. తెలిసే వెళ్ళాడు. ఆ ఉత్తరంలో ఆయన పేరు లేదు.

మ్యూజియం మీద నాకు ఫిర్యాదు లేదు. దొరికిన రాయినీ కంచునీ భద్రంగా పెట్టారు, పిల్లలకి చూపించడానికి అంతకన్నా మంచి చోటు మన చుట్టుపక్కల లేదు. నా గొడవంతా మనతోనే. ఆదివారం అక్కడికి వచ్చినవాళ్ళలో చాలామంది మహల్ ముందు ఫోటో దిగి, లాన్‌లో పులిహోర తిని వెళ్ళిపోయారు. ఫోటో దిగండి, తప్పేముంది. పిల్లలకి మాత్రం ఈ కథ చెప్పండి. తిరుపతిలో టీచర్లున్నారు, యూనివర్సిటీలున్నాయి, నాటకాలు వేసేవాళ్ళున్నారు. ఈ అంతర్యుద్ధం కోసం తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక చిన్న గది ఏర్పాటు చెయ్యలేమా? నాలుగు గోడలు చాలు. ఒక గోడ మీద చంద్రగిరి, వేలూరు, తోపూరు చూపించే మ్యాపు. ఒక గోడ మీద ఆ ఉత్తరం, చక్కటి తెలుగులో. జగ్గరాయలి వైపు వాళ్ళు ఏమనుకుని కత్తి పట్టారో అదీ రాయాలి, ద్రోహి అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకుండా. గది మధ్యలో, అద్దాల పెట్టెలో కాదు, చేత్తో తాకేలాగా, ఒక బట్టల మూట పెట్టాలి.

ఈ మాటే ఇంటికొచ్చి మా నాయనతో అన్నాను. ఆయనకిప్పుడు డెబ్బై ఆరు. ఎనిమిదేళ్ళ వయసు నుంచి తాతతో పాటు మూటలు మోసినవాడు. ఈ కథ మొదటిసారి విన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, "పిల్లోడికి ఎన్నేళ్ళు?"

"పదేళ్ళు దాటుంటాయి నాయనా. మనవాడంత ఉంటాడేమో."

"అట్టయితే బరువుతో కాదురా చిక్కు. నడకతో. గుడ్డల మూట మోసేవాడి నడక ఒక తీరు. మనిషిని మోసేవాడి నడక ఇంకో తీరు. కాపలావాడు చూసేది అదే. ఆయన బరువు తెలీకుండా నడిచుంటాడు."

ఇన్నేళ్ళుగా ఈ యుద్ధం గురించి చదువుతున్నా, నాకీ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

మావాడు ఊరుకోలేదు, కట్టి చూపించమన్నాడు. నాయన హాల్లో పెద్ద దుప్పటి పరిచాడు. కింద మెత్తటివి, రెండు పాత పంచెలు వేశాడు. వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకోమన్నాడు. చుట్టూ చీరలు, తువ్వాళ్ళు కూరాడు, ఎక్కడా మోచెయ్యి పొడుచుకు రాకుండా. ముఖం దగ్గర మాత్రం ఒక పల్చటి పంచె వదులుగా వేశాడు, గాలి ఆడాలని. ఆ తర్వాత నాలుగు చెంగులూ ఎదురెదురుగా పట్టి రెండు ముళ్ళు వేశాడు. చూస్తే అది అచ్చం బట్టల మూటే.

లోపలి నుంచి చిన్నగా వినపడింది. "తాతా, నాకేం కనపడ్డంలే."

"మాట్లాడొద్దు నాయనా," అన్నాడు మా నాయన. "ఇంకా గుమ్మం దాటలేదు."

ఆయన మోకాళ్ళు బాగాలేవు, ఎత్తలేడు. మూట పక్కనే కూర్చుని ముడి మీద చెయ్యి వేసి ఉంచాడు. వాడు లోపల కదల్లేదు. వీధిలో ఏదో ఆటో వెళ్ళేదాకా మేం ముగ్గురం అలాగే ఉండిపోయాం.