పెట్టెలో కథ, మగ్గం మీద చీర

పోయిన శ్రావణంలో ధర్మవరంలో ఒక పట్టుచీర కొన్నాను. పెట్టె తెరిస్తే చీర మీద మందపాటి చీటీ. విజయనగర రాజులు, లేపాక్షి శిల్పులు, అంతఃపుర కాంతలు, అందరూ ఒక్క పేరాలోనే కొలువుదీరి ఉన్నారు. ఇంటికి వచ్చాక మా పెద్దమ్మ చీరను తిరగేసి చూసి, 'ఇది మరమగ్గం మీద నేసిందిరా' అని తేల్చేసింది. చీర బాగానే ఉంది. చీటీని మాత్రం ఆ తర్వాత ఎవరికీ చూపించలేదు.

కథ సరుకును అమ్మిపెడుతుందనడంలో అనుమానం లేదు. 2009లో అమెరికాలో రాబ్ వాకర్, జాషువా గ్లెన్ అనే ఇద్దరు పాత సామాన్ల అంగళ్లలో చిల్లర వస్తువులు కొని, ఒక్కోదానికి ఒక్కో రచయితతో కథ రాయించి ఈబేలో వేలానికి పెట్టారు. సుమారు 129 డాలర్ల సరుకు 3,600 డాలర్లకు పైగా పలికింది. మార్కెటింగ్ పాఠాలు చెప్పేవారికి ఈ లెక్కంటే మహా ఇష్టం. అయితే అవన్నీ కల్పిత కథలేనని ఆ ఇద్దరూ దాచలేదు. కొన్నవాళ్లు ఆ సంగతి తెలిసే కొన్నారు.

నా పెట్టెలోని చీటీకి ఆ నిజాయితీ లేదు. లేపాక్షి పేరు ఎత్తినందుకు నాకు కోపం లేదు. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల హయాంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ గుడి కప్పు మీది చిత్రాల్లో, లతామంటపం స్తంభాల మీద ఉన్న నమూనాలు ధర్మవరం అంచుల్లోకి దిగాయి. కానీ ఊళ్లోని ప్రతి దుకాణమూ అదే చెబుతుంటే ఒకరికీ మరొకరికీ తేడా ఏమిటి? ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఊరి పేరును కాపాడుతుంది. ఈ చీర ఎవరి చేతి మీదుగా వచ్చిందో చెప్పే పని దానిది కాదు.

తర్వాతిసారి వెళ్లినప్పుడు నేరుగా ఒక నేతకారుడి ఇంటికి వెళ్లాను. ఆయన మగ్గం గుంటలోంచి లేచి, నేసిన చీర కొసను కిటికీ దగ్గర పట్టుకున్నారు. పరిచి చూస్తే నీలం. కాస్త వంచేసరికి మడత మీద పచ్చదనం తేలింది, అచ్చం నెమలి కంఠంలా. నేను నోరు వెళ్లబెడితే, 'ఇందులో ఏముంది సార్, పడుగు ఒక రంగు, పేక ఒక రంగు' అన్నారు. పడుగంటే నిలువు పోగులు, పేకంటే అడ్డపోగులు. పాత పడుగు అయిపోతే దాని కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. ఆ రోజు ఆయన భార్య చేస్తున్న పని అదే. వేళ్లకు బూడిద అద్దుకుంటూ, మాతో మాట్లాడుతూనే మెలిపెడుతున్నారు.

దుకాణాలు పారేసుకుంటున్నది మగ్గం దగ్గరి ఈ కథనే. కొన్నావిడ ఇంటికి వెళ్లి, చీరను వెలుతురులో వంచి సరిచూసుకోగలదు. పక్కింటావిడను పిలిచి చూపిస్తుంది. రాజుల ముచ్చటను ఎవరు సరిచూడగలరు? ఫోనులో ఇరవై సెకన్ల వీడియో చాలు, కాపీరైటర్ ఖర్చు కూడా మిగులుతుంది.

ఇంత తేలికైనది ఎందుకు జరగదంటే, కథ ఒకరి దగ్గర, సరుకు మరొకరి దగ్గర ఉంది. అమూల్ సంగతి వేరు. 1976లో గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకుని తమ ఉద్యమం మీద సినిమా తీయించుకున్నారు. పాలు వాళ్లవి, సంఘం వాళ్లది, కథ కూడా వాళ్లదే. ధర్మవరంలో చాలామంది నేతకారులకు పట్టు, జరీ ఇచ్చేది మాస్టర్ వీవర్. వీళ్లకు దక్కేది చీరకు ఇంత అని మాట్లాడుకున్న కూలి. చీటీ వల్ల దుకాణంలో ధర పెరిగినా ఆ మాట వీళ్ల గుమ్మం దాకా రాదు.

చీటీ మీద మీ ఫొటో వేస్తే బాగుంటుంది కదా అని ఆయనను అడిగాను.

'వేస్తే కూలి పెంచుతారా సార్?'

ఆ మాటే తీసుకెళ్లి దుకాణదారును అడిగాను. ఆయన టీ తెప్పించారు.