మూడో చెయ్యి లేని ఉద్యోగి

ముప్పై మూడేళ్లపాటు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసి, ఛార్జి మెమోలు రాయడంలో కాస్తో కూస్తో పేరు తెచ్చుకుని రిటైరైనవాణ్ని కనుక, మానవజాతి మనుగడ అనే అంశం మీద మాట్లాడటానికి నాకు పూర్తి అర్హత ఉందని ముందుగా మనవి చేసుకుంటున్నాను. ఈ విషయాన్ని ఇంతకాలం భౌతిక శాస్త్రవేత్తలకూ, సైన్యాధిపతులకూ, శాంతి ఊరేగింపులు తీసేవారికీ వదిలిపెట్టడం పొరపాటైంది. అణుయుద్ధం ఇంతవరకూ ఎందుకు జరగలేదన్నది పూర్తిగా సర్వీసు విషయం. సంబంధిత ఫైళ్లన్నీ తిరగేశాక నాకు అర్థమైనదేమిటంటే, మనం ఇవాళ కాఫీ తాగుతూ పేపరు చదువుకుంటున్నామంటే అందుకు కారణం, కొందరు ఉద్యోగులు విధి నిర్వహణలో చూపిన క్షమించరాని అలసత్వం.

అన్నిటిలోకీ తీవ్రమైన కేసును ముందు పరిశీలిద్దాం. ఉద్యోగి పేరు స్తనిస్లావ్ పెత్రోవ్. హోదా లెఫ్టినెంట్ కర్నల్. పనిచేసే చోటు మాస్కోకు దక్షిణాన ఉన్న సెర్పుఖోవ్-15 అనే రహస్య బంకరు. తేదీ 1983 సెప్టెంబరు 26, అర్ధరాత్రి దాటిన వేళ. అదే నెల 1వ తేదీన సోవియట్ యుద్ధవిమానం ఒక కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చి 269 మందిని పొట్టన పెట్టుకుంది కనుక, అమెరికాకూ సోవియట్ యూనియన్‌కూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటున్న రోజులవి. అలాంటి రాత్రి సైరన్ మోగి, అమెరికా నుంచి ఒక క్షిపణి బయల్దేరిందని ఉపగ్రహం కబురు పంపింది. కాసేపటికి రెండోది అన్నది, మూడోది అన్నది, చివరికి ఐదని తేల్చింది. ఉద్యోగి చేయవలసిన పని పిసరంత: వచ్చిన సమాచారాన్ని ధ్రువీకరించి పైకి పంపడం. పైవారు ఒక పది నిమిషాలు ఆలోచించుకుంటారు. ఆ తర్వాత ఆలోచించే పని ఎవరికీ ఉండదు.

అయితే ఈ ఉద్యోగి, యుద్ధం చేయదలచుకున్నవాడెవడైనా బోడి ఐదు క్షిపణులతో మొదలుపెడతాడా అని స్వయంగా ఆలోచించాడు. కింది సీటులో కూర్చున్నవాడు స్వయంగా ఆలోచించడం మొదలుపెడితే కార్యాలయం ఏమైపోతుందో తెలిసినవాణ్ని కనుక ఈ వాక్యం దగ్గర నాకు ఒళ్లు గగుర్పొడిచింది. నేలమీది రాడార్లకు ఏమీ కనిపించడం లేదన్నది అతనికి దొరికిన మరో సాకు. మొత్తానికి అది తప్పుడు హెచ్చరిక అని పైకి ఫోను చేసి చెప్పేశాడు. అలా చెప్పేటప్పుడు తనకు రూఢిగా ఏమీ తెలియదని తర్వాతి కాలంలో అతనే ఒప్పుకున్నాడు. ఎత్తైన మబ్బుల మీద పడిన ఎండ తళుకును చూసి ఉపగ్రహం క్షిపణి మంట అని భ్రమపడిందని ఆనక తేలింది గాని, ఫలితం బాగుందని పద్ధతి తప్పడాన్ని సమర్థించే అలవాటు మా సెక్షన్‌లో ఏనాడూ లేదు.

సంతోషించవలసిన విషయం ఏమిటంటే, సోవియట్ వ్యవస్థ కూడా సమర్థించలేదు. విచారణలో పెత్రోవ్‌ను నిలదీసిన ప్రశ్న నా వంటివాడు రాసినట్టే ఉంది: ఆ సమయంలో లాగ్‌బుక్ ఎందుకు రాయలేదు? ఒక చేతిలో టెలిఫోను, రెండో చేతిలో ఇంటర్‌కమ్ ఉన్నాయి, మూడో చెయ్యి లేదు అని ఉద్యోగి సంజాయిషీ. సంతృప్తికరంగా లేదు. చేతులు రెండే ఉన్న సంగతి ఉద్యోగంలో చేరేటప్పుడే అతనికి తెలుసు కదా! ప్రపంచం మిగిలింది, లాగ్‌బుక్‌లో గడి ఖాళీగా మిగిలింది. ఆడిట్ వారు వచ్చినప్పుడు చూపవలసింది రెండోదే. బహుమతి ఇస్తే ఆ ఉపగ్రహ వ్యవస్థను తయారుచేసిన పెద్దల తప్పు ఎత్తిచూపినట్టవుతుంది కనుక బహుమతీ ఇవ్వలేదు. పెత్రోవ్ 2017 మే నెలలో కన్నుమూస్తే, ఆ సంగతి బయటి ప్రపంచానికి సెప్టెంబరులో గాని తెలియలేదు. అంతర్గత ఫైలు అంటే అలా ఉండాలి.

ఇక వసీలీ అర్ఖిపోవ్ కేసు. క్యూబాలో సోవియట్ క్షిపణులు పెట్టడం మీద అమెరికా కన్నెర్ర చేసిన సంక్షోభం రోజుల్లో, 1962 అక్టోబరు 27న, క్యూబా దగ్గర సముద్రంలో బి-59 అనే సోవియట్ జలాంతర్గామి మీద అమెరికా నౌకలు బెదిరింపు బాంబులు వేస్తున్నాయి. లోపల గాలి లేదు, ఉక్కపోత 45 డిగ్రీలు దాటింది, మాస్కోతో మాట లేదు. పైన యుద్ధం మొదలైపోయిందనుకున్న కెప్టెన్, అణు టార్పెడో సిద్ధం చేయమని ఆజ్ఞాపించాడని ఆ పడవలోని అధికారి ఒకరు దశాబ్దాల తర్వాత బయటపెట్టారు. పడవలో పార్టీ తరఫున ఉండే రాజకీయాధికారి సరేనన్నాడు. మిగతా జలాంతర్గాముల్లో అయితే ఆ రెండు సంతకాలతో ఫైలు ముగిసిపోయేది. ఈ పడవలో మాత్రం దళానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయిన అర్ఖిపోవ్ కూడా ఎక్కి ఉన్నాడు, అతను ఒప్పుకోలేదు. మూడో సంతకం ఉంటే ఏ పనీ జరగదని మా కార్యాలయం మీద జనం చేసే ఫిర్యాదు వినివిని విసిగిపోయిన నాకు, ఆ ఫిర్యాదులో ఎంత నిజముందో ఈ కేసుతో తెలిసివచ్చింది.

తపాలు విభాగాల పనితీరు గురించి ఒక మాట చెప్పక తప్పదు. 1995 జనవరి 25న నార్వే శాస్త్రవేత్తలు ఉత్తర ధ్రువ కాంతుల్ని పరిశీలించడానికి ఒక రాకెట్ పంపారు. పంపబోతున్నామని రష్యాతో సహా చాలా దేశాలకు ముందే ఉత్తరాలు రాశారు. ఉత్తరం మాస్కో చేరింది. చేరి, ఇన్‌వర్డు నంబరు వేయించుకుని, ఎక్కడో ఒక బల్ల మీద విశ్రాంతి తీసుకుంది. రాడార్ దగ్గర కూర్చున్నవారికి మాత్రం అందలేదు. దాంతో అది జలాంతర్గామి నుంచి వస్తున్న క్షిపణి కావచ్చని కబురు వెళ్లి, రష్యా అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ ముందు, అణుదాడికి ఆజ్ఞ పంపే బ్రీఫ్‌కేసు తెరుచుకుంది. ఉత్తరం మీ సెక్షన్‌కే వచ్చిందండీ, మా సీటుకు రాలేదండీ అనే మాట మన తాలూకా ఆఫీసుల్లోనే పుట్టిందని ఇన్నాళ్లూ అనుకుని సిగ్గుపడుతూ వచ్చాను. ఇకనుంచి ఆ బెంగ లేదు.

మానవేతరుల ప్రవర్తన కూడా ఏమంత బాగాలేదు. 1960 అక్టోబరులో నార్వే మీదుగా ఉదయించిన చంద్రుణ్ని గ్రీన్‌లాండ్‌లోని అమెరికా రాడార్ క్షిపణుల గుంపుగా లెక్కగట్టింది. క్యూబా సంక్షోభం రోజుల్లోనే ఒక ఎలుగుబంటి అమెరికాలోని డులూత్ సైనిక స్థావరం కంచె ఎక్కబోతే, కావలివాడు చొరబాటుదారుడనుకుని కాల్పులు జరిపి అలారం మోగించాడు. పక్క రాష్ట్రంలోని స్థావరంలో ఆ అలారానికి తీగ తప్పుగా కలపడంతో, అణ్వాయుధాలు తగిలించుకున్న విమానాలు గాలిలోకి లేవడానికి రన్‌వే మీదికి వచ్చేశాయి. ఒక అధికారి కారులో లైట్లు వెలిగించి ఆర్పుతూ ఎదురు పరుగెత్తి ఆపాడు. ఆ తీగ కలిపిన ఎలక్ట్రీషియన్ బిల్లు పాస్ చేశారా లేదా అన్నది ఫైలులో కనిపించలేదు.

కొనుగోళ్ల విభాగానికి సంబంధించి, 1980 జూన్‌లో అమెరికా హెచ్చరిక వ్యవస్థలో చెడిపోయిన ఒక చిప్ ఖరీదు 46 సెంట్లు. అది సున్నాలు ఉండవలసిన చోట రెండ్లు వేసి, 2,200 క్షిపణులు వస్తున్నాయని తెర మీద చూపింది. అంతకు ముందటి ఏడాది నవంబరులో కూడా, ఎవరో శిక్షణ కోసం తయారుచేసిన టేపు అసలు యంత్రంలోకి ఎక్కడంతో ఇదే జరిగింది. ఈ తప్పుడు హెచ్చరికల్లో ఒకదాని వేళ అమెరికా జాతీయ భద్రతా సలహాదారు బ్రెజిన్‌స్కీని తెల్లవారుజామున మూడింటికి ఫోను చేసి లేపారు. అరగంటలో అందరూ పోతారని తెలిసి, పక్కన నిద్రపోతున్న భార్యను లేపడం దేనికని ఊరుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ప్రపంచ రాజకీయాల్లో నాకు పూర్తిగా అర్థమైన నిర్ణయం ఇదొక్కటే.

అయితే క్రమశిక్షణ ఎక్కడా లేదని నిరాశపడనక్కర్లేదు. 1973లో అమెరికా వైమానిక దళంలో మేజర్ హెరాల్డ్ హెరింగ్ అనే అధికారి, మినిట్‌మన్ అనే అణు క్షిపణుల శిక్షణ తరగతిలో చెయ్యెత్తి, నాకు వచ్చిన ప్రయోగపు ఆజ్ఞ మతిస్థిమితం ఉన్న అధ్యక్షుడి దగ్గర నుంచే వచ్చిందని నాకెలా తెలుస్తుంది అని అడిగాడు. అంతే, ఉద్యోగం ఊడింది. అప్పీలు చేసుకున్నా నిలవలేదు. ఆయన తర్వాత లారీ నడుపుకున్నారు. లారీ నడపటానికి లైసెన్సు కావాలి, కళ్ల పరీక్ష కావాలి, తాగి నడిపితే పట్టుకుంటారు. ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికే రంగంలోనే చివరికి కుదురుకున్నారని సంతృప్తి పడ్డాను.

మన దేశం విషయానికి వస్తే, 2022 మార్చి 9న రోజువారీ నిర్వహణ పనుల్లో ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున బయల్దేరి, పాకిస్తాన్‌లో మియాన్ చన్నూ దగ్గర పడింది. అందులో వార్‌హెడ్ లేదు, ప్రాణనష్టం జరగలేదు. రెండు రోజులకు విచారం ప్రకటించారు. ఆగస్టులో, నిర్దేశిత పద్ధతి తప్పినందుకు ముగ్గురు అధికారులను ఉద్యోగం నుంచి తొలగించారు. ఇంతవరకూ ఫైలు సక్రమంగా ఉంది. సరిహద్దు అవతలి ఫైలే నన్ను కలవరపెడుతోంది. ఆ వస్తువును మొదటి నుంచీ గమనిస్తూనే ఉన్నామని అవతలి వైమానిక దళం చెప్పుకుంది. గమనించి, లోపల ఏముందో తెలియకుండానే, ఏమీ చేయకుండా ఊరుకుంది! ఆ నిమిషాల్లో అక్కడ సీటులో కూర్చున్నవారి సంజాయిషీ ఎవరైనా తీసుకున్నారా?

ఇరుదేశాల మధ్య నిక్కచ్చిగా నడిచే పని ఒకటుంది. 1988లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, 1992 నుంచి ఏటా జనవరి 1న భారత్, పాకిస్తాన్ తమ అణుకేంద్రాల జాబితాలను ఒకరికొకరు ఇచ్చుకుంటాయి. మాటలు లేని సంవత్సరాల్లోనూ, రాయబారులను వెనక్కి పిలిపించుకున్న సంవత్సరాల్లోనూ ఈ తాంబూలం ఆగలేదు. వీటి మీద దాడి చేయకూడదన్నది ఒప్పందం. జాబితాలో కేంద్రాలుంటాయి గాని ఊళ్లుండవు, కనుక మిగతాచోట్ల సంగతి ఎవరి అదృష్టం వారిది. ఆ జాబితా బయటికి రాదు గాని, వచ్చి ఉంటే మన హైదరాబాదు వ్యాపారులు అణు ఇంధన సముదాయం గోడ పక్కన వెంచరు వేసి, వాస్తు, బోరు నీళ్లు, క్లియర్ టైటిల్‌తో పాటు అంతర్జాతీయ ఒప్పందం ద్వారా అణుదాడి నుంచి రక్షణ అని కరపత్రం మీద వేయించి ఉండేవారు. గజానికి ఎంత పలికేదో ఊహించగలను.

ఇవన్నీ చెప్పినప్పుడు, అణు నిరోధక సిద్ధాంతాన్ని నమ్మే మిత్రులు నొచ్చుకుంటారు. వాడి దగ్గర ఉంది కనుక వీడు వేయడు, వీడి దగ్గర ఉంది కనుక వాడు వేయడు, అందుకే శాంతి నిలిచింది అంటారు. తొమ్మిది దేశాల దగ్గర 12,000 పైచిలుకు వార్‌హెడ్లు, అందులో దాదాపు పదింట తొమ్మిది వంతులు రెండు దేశాల దగ్గరే ఉన్నాయంటే శాంతి మీద వారికి ఎంత ప్రేమ ఉందో తెలుస్తూనే ఉంది. హిరోషిమా మీద పడిన 15 కిలోటన్నుల శాంతికే ఆ ఏడాది చివరికి సుమారు లక్షా నలభై వేల మంది పోయారు. ఈ సిద్ధాంతంలో చంద్రుడు, ఎలుగుబంటి, 46 సెంట్ల చిప్ ఎక్కడ వస్తాయని అడిగితే మాత్రం, ఆ పేజీలు ఇంకా అచ్చు కాలేదంటారు.

కొందరు మంచివారు సంస్కరణలు సూచించకపోలేదు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం బోధించిన రోజర్ ఫిషర్ 1981లో ఒక ప్రతిపాదన పెట్టారు: ప్రయోగ సంకేతాలను చిన్న గొట్టంలో ఉంచి, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒక యువకుడి గుండె పక్కన అమర్చాలి, యుద్ధం చేయదలచిన అధ్యక్షుడు ముందు అతణ్ని తన చేతులతో కత్తితో చంపి ఆ గొట్టం తీసుకోవాలి. పెంటగన్‌లోని మిత్రులు హడలిపోయి, ఒక మనిషిని చంపవలసి వస్తే అధ్యక్షుడి నిర్ణయశక్తి దెబ్బతింటుంది, అసలు బటన్ నొక్కకపోవచ్చు కదా అన్నారట. నాకైతే అభ్యంతరం వేరే ఉంది. ఆ పోస్టు ఖాళీ అయిన మరుక్షణం కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇవ్వాలి. కుటుంబం, నియామక పత్రం మీద సంతకం చేసే అధికారి, జీతం ఇచ్చే ట్రెజరీ, మూడూ అప్పటికి అందుబాటులో ఉంటాయన్న హామీ ప్రతిపాదనలో ఎక్కడా లేదు.

కనుక అసలు లోపం మనిషిలో ఉందని తేల్చి, మనిషిని తప్పించడమే నా సిఫారసు. 2024 నవంబరులో లీమా నగరంలో బైడెన్, షీ జిన్‌పింగ్ కలుసుకుని, అణ్వస్త్ర ప్రయోగ నిర్ణయం యంత్రం చేతికి ఇవ్వకుండా మనిషి చేతిలోనే ఉంచాలని అంగీకరించడం ఈ దృష్ట్యా చాలా వెనకడుగు. ఈ విషయంలో సోవియట్ వారే ముందుచూపు చూపారు. పెత్రోవ్ మూడో చెయ్యి లేదని ఫిర్యాదు చేసిన రెండేళ్లలోపే, 1985లో, పైవారంతా పోయినా ఎదురుదాడి ఆగకుండా చూసే పెరిమీటర్ అనే వ్యవస్థను పనిలోకి దించారు. పాశ్చాత్యులు దానికి పెట్టిన పేరు మృతహస్తం. అది ఇప్పటికీ విధుల్లో ఉందని 2011లో రష్యా క్షిపణి దళాల అధిపతే చెప్పారు. ఈ చెయ్యి సొంతంగా ఆలోచించదు, సెలవు పెట్టదు, తరగతిలో లేచి ప్రశ్నలు అడగదు. లాగ్‌బుక్ రాస్తుందో లేదో మాత్రం విచారించాను. తనిఖీకి వచ్చేవారు ఎవరూ ఉండరు కనుక ఆ నిబంధన నుంచి దానికి మినహాయింపు ఇచ్చి ఉంటారని మా పాత సూపరింటెండెంటు గారు అభిప్రాయపడ్డారు.